డర్టీ కౌ లోపానికి పాత కెర్నల్‌లో మందు: ఎమ్‌అడ్వైజ్‌కు గట్టి లాక్ వేస్తే ఎందుకు చాలదు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. మీరు చూసుకుంటున్న పరికరాల్లో చిప్ తయారీదారు ఇచ్చిన, లినక్స్ 3.10 మీద కట్టిన కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి భాగం) నడుస్తోంది. దాన్ని వదిలి కొత్తదానికి మారే అవకాశం లేదు. చదివే హక్కు మాత్రమే ఉన్న ఫైలులో సాధారణ యూజర్ రాసేయగలిగే, డర్టీ కౌ అని పేరుపడిన లోపం (భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2016-5195) అందులో ఇంకా అలాగే ఉందని తనిఖీలో బయటపడింది. మూల ప్యాచ్, అంటే లినక్స్‌లో ఈ లోపాన్ని సరిదిద్దిన మార్పు, మీ సోర్సులో నేరుగా అతకకపోవడంతో, ఎమ్‌అడ్వైజ్ సిస్టమ్ కాల్‌లో డోంట్‌నీడ్ సలహా (ఈ మెమరీ ఇక అక్కర్లేదని ప్రోగ్రాము కెర్నల్‌కు చెప్పడం) వచ్చినప్పుడు ఎమ్‌మ్యాప్ సెమాఫోర్ అనే లాక్‌ను చాలామంది కలిసి పట్టుకోగల రీడ్ లాక్‌గా కాకుండా, ఒక్కరే పట్టుకోగల రైట్ లాక్‌గా పట్టుకునేలా మార్చారు. అందరికీ తెలిసిన పరీక్ష ప్రోగ్రామును రాత్రంతా నడిపినా ఫైలు ఒక్కసారి కూడా మారలేదు. ఈ మార్పు సరిపోతుందా, లేక కష్టమైనా మూల ప్యాచ్‌నే తేవాలా అని అడిగారు.

సరిపోదు. మూల ప్యాచ్‌నే తేవాలి, దాని వెనకే వచ్చిన మరో రెండు ప్యాచ్‌లను కూడా కలిపి తేవాలి. అయితే మీరు పెట్టిన లాక్‌లో అర్థం లేదని నేను అనను. ఈ లోపం చరిత్రలో దానికొక చోటు ఉంది, ఆ సంగతి కిందికి వెళ్లాక చెబుతాను. అంతకంటే ముందు తప్పు కచ్చితంగా ఏ అడుగులో జరుగుతోందో చూడాలి, ఎందుకంటే ఆ అడుగు కనబడకుండా వేసిన లాక్ ఏదైనా పరీక్షను మాత్రమే ఆపుతుంది, లోపాన్ని ఆపదు.

ఒక ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాము, తనకు చదివే హక్కు మాత్రమే ఉన్న ఫైలును ప్రైవేట్ మ్యాపింగ్‌గా, అంటే తన మార్పులు తనకే పరిమితమయ్యేలా, మెమరీలోకి తెచ్చుకుందనుకోండి. ఆ మ్యాపింగ్‌కు రాసే అనుమతి లేదు. మామూలుగా అక్కడ రాయబోతే కెర్నల్ ఆ ప్రాసెస్‌ను అక్కడే ఆపేస్తుంది. కానీ ప్రాసెస్ మెమరీని ఫైలులా చూపే, ప్రాక్ ఫైల్‌సిస్టమ్‌లోని సెల్ఫ్ మెమ్ ఫైలు ద్వారానో, డీబగ్గర్లు వాడే పీట్రేస్ సిస్టమ్ కాల్ ద్వారానో రాస్తే దారి వేరు. డీబగ్గర్లు కోడ్ పేజీలో (మెమరీని కెర్నల్ పేజీలనే ముక్కలుగా చూస్తుంది) బ్రేక్‌పాయింట్ పెట్టాలంటే, చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న చోట కూడా రాయగలగాలి. అందుకోసం కెర్నల్ ఫాల్ ఫోర్స్ అనే ఫ్లాగ్‌తో గెట్ యూజర్ పేజెస్ ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఇక్కడ నియమం ఒకటే: రాత అసలు పేజీ మీద పడకూడదు, ఆ ప్రాసెస్ కోసం విడిగా తీసిన నకలు మీదే పడాలి. కాపీ ఆన్ రైట్ అంటే ఇదే, రాయవలసి వచ్చినప్పుడే నకలు తీయడం.

ఆ ఫంక్షన్ లోపల ఒక లూప్ ఉంది. మొదటి చుట్టులో పేజీ టేబుల్‌లో, అంటే ఏ చిరునామాకు ఏ పేజీ అన్న పట్టికలో, ఆ చిరునామాకు ఎంట్రీయే ఉండదు. రాయడానికి వచ్చాననే ఉద్దేశంతో పేజీ ఫాల్ట్ (కావలసిన పేజీని తగిలించే పని) నడుస్తుంది, కెర్నల్ పేజీ క్యాష్ నుంచి, అంటే ఫైళ్ల పేజీలను మెమరీలో ఉంచే చోటు నుంచి, పేజీని తీసుకొని నకలు చేసి ఎంట్రీలో తగిలిస్తుంది. మ్యాపింగ్‌కు రాసే హక్కు లేదు కాబట్టి ఎంట్రీలో రాత అనుమతి బిట్ పెట్టదు, డర్టీ బిట్ (పేజీ మారిందన్న గుర్తు) మాత్రం పెడుతుంది. రెండో చుట్టులో ఫాలో పేజ్ మాస్క్ ఫంక్షన్ చూస్తే, అడిగినవాడు రాస్తానంటున్నాడు, ఎంట్రీ రాత ఒప్పుకోదు, కాబట్టి పేజీ ఇవ్వదు. మళ్లీ ఫాల్ట్. ఈసారి కాపీ ఆన్ రైట్ చూసే కోడ్ ఆ పేజీ అప్పటికే ఈ ప్రాసెస్ సొంత నకలని గుర్తించి, నా పని పూర్తయిందని వీఎం ఫాల్ట్ రైట్ అనే విలువ తిరిగి ఇస్తుంది. అయినా ఎంట్రీకి రాత అనుమతి ఎప్పటికీ రాదు, ఎందుకంటే మ్యాపింగ్‌కే లేదు. అదే ఉద్దేశంతో మళ్లీ అడిగితే లూప్ అంతులేకుండా తిరుగుతుంది. దాన్నుంచి బయటపడడానికి పాత కోడ్ ఒక పని చేసింది: ఫ్లాగ్‌ల నుంచి ఫాల్ రైట్‌ను, అంటే రాయడానికి వచ్చానన్న గుర్తును, తీసేసింది. నకలు సిద్ధంగా ఉంది కదా, ఇక చదవడానికి వచ్చినట్టు అడిగినా అదే నకలు చేతికొస్తుంది కదా అన్నది దాని ఊహ.

ఆ ఊహకూ మూడో చుట్టుకూ మధ్య పేజీ టేబుల్ లాక్ ఎవరి చేతిలోనూ లేదు. పైగా సరిగ్గా అక్కడే వేరే పనులకు దారి ఇచ్చే కాండ్ రీషెడ్ పిలుపు కూడా ఉంది. ఆ సందులో అదే ప్రాసెస్‌లోని రెండో త్రెడ్ ఎమ్‌అడ్వైజ్ డోంట్‌నీడ్ పిలిచిందంటే నకలు పోతుంది, ఎంట్రీ ఖాళీ అవుతుంది. మూడో చుట్టు ఖాళీ ఎంట్రీని చూసి ఫాల్ట్ చేస్తుంది, కానీ ఇప్పుడు ఉద్దేశం చదవడమే. చదవడానికి నకలు ఎందుకు? పేజీ క్యాష్‌లోని అసలు పేజీనే తగిలించి ఇచ్చేస్తుంది. పిలిచిన కోడ్‌కు మాత్రం తాను రాయడానికి వచ్చిన సంగతి గుర్తుంది, ఆ పేజీలో రాసేస్తుంది. అది సిస్టమ్‌లో అందరూ పంచుకుంటున్న ఫైలు పేజీ. అది రూట్ హక్కులతో నడిచే ప్రోగ్రాము పేజీ అయితే, సాధారణ యూజర్ రూట్ అయిపోవడానికి ఇంకేమీ అక్కర్లేదు.

మన రెవెన్యూ ఆఫీసులో అడంగల్ నకలు తీయించుకునే పని తెలిసినవారికి దీన్ని ఒక మాటలో చెప్పవచ్చు. గుర్తులు పెట్టుకోవడానికి నకలు కావాలని మీరు చీటీ రాసిచ్చారు. గుమస్తా నకలు తీసి బల్ల మీద పెట్టి, నకలు తీయడం అయిపోయింది కదా అని చీటీలోని గుర్తులు పెట్టుకోవడానికి అన్న మాట కొట్టేసి, చూడడానికి అని ఉంచాడు. ఆయన అటు తిరగగానే ఎవరో నకలును చెత్తబుట్టలో వేశారు. తర్వాత వచ్చిన గుమస్తా చీటీ చదివాడు, చూడడానికే కదా అనుకొని అసలు రిజిస్టరే మీ చేతికిచ్చాడు. మీ చేతిలో కలం ఉంది. ఇందులో తప్పు నకలును పారేసినవాడిది కాదు, చీటీలో మాట కొట్టేసినవాడిది. నకలు ఎప్పుడైనా పోవచ్చు, పోతే మళ్లీ తీయాలి, అంతే. మీరు వేసిన లాక్ చెత్తబుట్ట దగ్గర కాపలా పెట్టడం లాంటిది.

ఆ కాపలా ఎందుకు చాలదో ఇప్పుడు సాంకేతికంగా చెబుతాను. ఎమ్‌మ్యాప్ సెమాఫోర్ కాపాడేది ప్రాసెస్ మ్యాపింగుల జాబితాను. పేజీ టేబుల్ ఎంట్రీలోని విలువను కాపాడేది పేజీ టేబుల్ లాక్. ఎంట్రీని తుడిచేవాళ్లందరూ ఎమ్‌మ్యాప్ సెమాఫోర్ పట్టుకొని రారు. ఉదాహరణకు ఒక ఫైలును ఎవరైనా ట్రంకేట్ చేసినప్పుడు, అంటే దాని పొడవు తగ్గించినప్పుడు, ఆ ఫైలును మ్యాప్ చేసుకున్న ప్రతి ప్రాసెస్ నుంచీ ఆ పేజీలను కెర్నల్ తొలగిస్తుంది, ప్రైవేట్ నకళ్లతో సహా. ఆ పని ఫైలు వైపు నుంచి నడుస్తుంది, మీ ప్రాసెస్ సెమాఫోర్‌ను అది తాకనే తాకదు. ట్రంకేట్ చేసిన ఫైలు వెంటనే మళ్లీ పెరిగితే, పైన చెప్పిన మూడో చుట్టుకు మళ్లీ ఖాళీ ఎంట్రీ, దాని వెనక అసలు పేజీ సిద్ధంగా ఉంటాయి. ట్రంకేట్ చేయాలంటే ఫైలు మీద రాసే హక్కు ఉన్నవారెవరైనా ఆ పని చేయాలి కాబట్టి దాడి చేసేవాడికి ఇది డోంట్‌నీడ్ అంత సులువైన దారి కాదు, నిజమే. కానీ మీ లాక్ ఉన్నా తప్పుడు స్థితి ఏర్పడుతూనే ఉందని ఇది చూపిస్తుంది.

రెండో కారణం ఖర్చు. జెమాలాక్ వంటి మెమరీ ఎలొకేటర్లు విడుదలైన పేజీలను కెర్నల్‌కు తిరిగి ఇవ్వడానికి డోంట్‌నీడ్‌ను తరచూ పిలుస్తాయి. ప్రతి పిలుపూ సెమాఫోర్‌ను రైట్ లాక్‌గా పట్టుకుంటే, ఆ సమయంలో ఆ ప్రాసెస్‌లోని మిగతా త్రెడ్లలో వచ్చే ప్రతి పేజీ ఫాల్టూ ఆగి నిలబడుతుంది. త్రెడ్లు ఎక్కువున్న ప్రోగ్రాములో దీని ప్రభావం వెంటనే తెలుస్తుంది. నెలల తర్వాత పనితీరు బాగుచేయమని అప్పగించిన ఇంజనీరు ఎవరైనా ఈ లాక్‌ను చూసి, ఎందుకు పెట్టారో తెలియక, రీడ్ లాక్‌గా మార్చేస్తే లోపం నిశ్శబ్దంగా తిరిగి వస్తుంది.

ఇది నేను ఊహించి చెప్పిన భయం కాదు, ఈ లోపం పుట్టిన తీరే ఇది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఈ సందును 2005 ఆగస్టులోనే గమనించి ఒక ప్యాచ్ పెట్టారు. రాసేందుకు వచ్చినవారికి ఎంట్రీలో డర్టీ బిట్ ఉంటేనే పేజీ ఇవ్వాలని, లేకపోతే రాసే ఉద్దేశంతోనే మళ్లీ చుట్టాలని ఆ ప్యాచ్ చెప్పింది. అంటే చీటీలో మాట కొట్టేయడం ఉండదు. కానీ ఐబీఎం ఎస్390 యంత్రాల్లో అప్పట్లో పేజీ టేబుల్ ఎంట్రీలో డర్టీ బిట్ అనేదే లేదు, ఆ సమాచారం భౌతిక పేజీకి సంబంధించిన స్టోరేజ్ కీలో ఉండేది. దాంతో అక్కడ ఆ షరతు ఎప్పటికీ నెరవేరదు. ఇంకొక చిక్కు కూడా ఉంది: ఫోర్క్ చేసినప్పుడు, అంటే ఒక ప్రాసెస్ తనలాంటి పిల్ల ప్రాసెస్‌ను పుట్టించినప్పుడు, కెర్నల్ రాత అనుమతిని తీసేస్తుంది కానీ డర్టీ బిట్‌ను అలాగే ఉంచుతుంది, కాబట్టి డర్టీ బిట్ ఉన్నంత మాత్రాన పేజీ సొంతదని చెప్పలేం. అందుకని కొద్ది రోజుల్లోనే ఆ ప్యాచ్‌ను వెనక్కి తీసి, వీఎం ఫాల్ట్ రైట్ అనే విలువను ప్రవేశపెట్టి, అది రాగానే రాసే ఉద్దేశాన్ని వదిలేసే పద్ధతి తెచ్చారు. అప్పటికి ఆ సందు సిద్ధాంతంలో మాత్రమే ఉన్నదనిపించింది.

సిద్ధాంతాన్ని నిజం చేసింది 2007లో వచ్చిన 2.6.22 కెర్నల్. అంతకుముందు ఎమ్‌అడ్వైజ్ సెమాఫోర్‌ను రైట్ లాక్‌గానే పట్టుకునేది. ఆ వెర్షన్‌లో, డోంట్‌నీడ్ మ్యాపింగుల జాబితాను మార్చదు కాబట్టి దానికి రీడ్ లాక్ చాలని మార్చారు. ఆ తర్కంలో తప్పేమీ లేదు. జాబితా వరకు చూస్తే నిజంగానే చాలు. ఆ పాత లాక్ అనుకోకుండా ఇంకెవరి తప్పునో దాచిపెడుతోందని ఎక్కడా రాసి లేదు. డర్టీ కౌ 2.6.22 నుంచి ఉందని చెప్పడానికి కారణం ఇదే. మీరు చేసిన మార్పు 2007 మార్పును వెనక్కి తిప్పడమే. అందుకే మీ పరీక్షలో తప్పు కనబడలేదు, అందుకే అది మందు కూడా కాదు.

తొమ్మిదేళ్ల తర్వాత ఫిల్ ఓస్టర్ అనే పరిశోధకుడు తన సర్వర్ మీద జరిగిన దాడి తాలూకు నెట్‌వర్క్ ప్యాకెట్లలో ఈ లోపాన్ని వాడుకునే ప్రోగ్రామును పట్టుకున్నారు. అప్పటికే అది దాడులలో వాడుకలో ఉందన్నమాట. 2016 అక్టోబరులో టోర్వాల్డ్స్ మళ్లీ ప్యాచ్ రాశారు, 4.8.3, 4.7.9, 4.4.26 వెర్షన్లలో అది వచ్చింది. పదకొండేళ్ల కిందట తాను సరిగా చేయలేకపోయిన మరమ్మతు ఇదేనని ఆ మార్పుతోపాటు రాసిన వివరణలోనే ఆయన నేరుగా ఒప్పుకున్నారు. కెర్నల్‌లో పనిచేయాలనుకునే ప్రతి ఒక్కరూ ఆ వివరణను చదవాలని నేను కోరుకుంటాను.

ఆ ప్యాచ్ పట్టుమని ఇరవై వరుసలు లేదు. ఫాల్ కౌ అనే కొత్త అంతర్గత ఫ్లాగ్ ఒకటి పెట్టారు. వీఎం ఫాల్ట్ రైట్ వచ్చినప్పుడు ఫాల్ రైట్‌ను తీసేయడం మానేసి, దాని పక్కన ఫాల్ కౌను చేర్చారు. అంటే చీటీలో మాట అలాగే ఉంటుంది, నకలు ఒకసారి తీశామన్న గుర్తు అదనంగా పడుతుంది. ఇక పేజీ ఇచ్చే చోట షరతు ఇలా మారింది: ఎంట్రీకి రాత అనుమతి ఉంటే ఇవ్వాలి, లేదా ఫాల్ ఫోర్స్, ఫాల్ కౌ రెండూ ఉండి, ఎంట్రీలో డర్టీ బిట్ కూడా ఉంటేనే ఇవ్వాలి. ఈ పరిశీలన పేజీ టేబుల్ లాక్ పట్టుకొని ఉన్నప్పుడే జరుగుతుంది. నకలు మధ్యలో పోయి ఉంటే ఎంట్రీ ఖాళీగా కనబడుతుంది, రాసే ఉద్దేశం చెరగలేదు కాబట్టి రాసే ఫాల్టే మళ్లీ నడుస్తుంది, కొత్త నకలు తయారవుతుంది. రెండో త్రెడ్ ఎన్నిసార్లు తుడిచినా మొదటి త్రెడ్ అన్నిసార్లూ కొత్త నకలే తీసుకుంటుంది. రెండు త్రెడ్ల మధ్య పందెం (రేస్) అలాగే ఉంది, కానీ అందులో గెలిచినా దాడి చేసేవాడికి దక్కేది ఏమీ లేదు. రేస్ కండిషన్‌ను సరిచేయడమంటే పందెం జరగకుండా చూడడమని చాలామంది అనుకుంటారు. ఇక్కడ మాత్రం ఎవరు గెలిచినా ఫలితం సరిగానే ఉండేలా చేయడమే మరమ్మతు.

రెండు షరతులూ ఎందుకు కావాలని మీకు సందేహం రావచ్చు. డర్టీ బిట్ ఒక్కటే చూస్తే, పైన చెప్పినట్టు ఫోర్క్ తర్వాత తల్లీ పిల్లా పంచుకుంటున్న పేజీ కూడా డర్టీగానే ఉండవచ్చు, అందులో రాస్తే రెండో ప్రాసెస్ డేటా పాడవుతుంది. ఫాల్ కౌ ఒక్కటే చూస్తే, అది గతంలో జరిగిన దానికి సాక్ష్యమే తప్ప ఇప్పుడు ఎంట్రీలో ఉన్నది ఆ నకలేనని చెప్పదు. ఫోర్క్ ఎమ్‌మ్యాప్ సెమాఫోర్‌ను రైట్ లాక్‌గా తీసుకుంటుంది కాబట్టి, మన లూప్ రీడ్ లాక్ పట్టుకొని ఉండగా మధ్యలో దూరలేదు. డోంట్‌నీడ్ దూరగలదు, కానీ అది తుడిచిన తర్వాత చదివే ఫాల్ట్ తెచ్చే పేజీకి డర్టీ బిట్ ఉండదు. రెండూ కలిస్తేనే ఈ ప్రాసెస్ నకలు ఇప్పుడు ఇక్కడే ఉందన్న మాట నిలబడుతుంది.

ఇప్పుడు మీ 3.10 సంగతి. మూల ప్యాచ్ గప్ డాట్ సి ఫైలును మారుస్తుంది, అది మీ సోర్సులో ఉండదు, ఎందుకంటే ఆ కోడ్‌ను విడి ఫైలులోకి మార్చింది 3.16లో. మీ దగ్గర అదంతా మెమరీ డాట్ సి లోపల ఉంటుంది, ఫాల్టిన్ పేజ్ అనే విడి ఫంక్షన్ కూడా ఉండదు, ఆ వరుసలు గెట్ యూజర్ పేజెస్ లూప్‌లోనే ఉంటాయి. అతకకపోవడానికి కారణం ఇంతే, అర్థంలో తేడా ఏమీ లేదు. ఫాల్ ఫ్లాగ్స్ నుంచి ఫాల్ రైట్‌ను తీసేసే వరుసను వెతికి పట్టుకోండి. తయారీదారు సోర్సులో అలాంటి వరుస ఒకచోటే ఉందో, డ్రైవర్ల కోసం ఆ ఫంక్షన్‌ను నకలు చేసుకున్నవారెవరైనా ఉన్నారో మొత్తం సోర్సులో వెతికి చూడాలి. మూలంలో ఫాల్ కౌకు ఇచ్చిన విలువ హెక్సాడెసిమల్‌లో 4000. ఆ బిట్టును మీ సోర్సులో తయారీదారు మరో ఫ్లాగ్‌కు వాడుకోలేదని నిర్ధారించుకోండి, వాడి ఉంటే ఖాళీగా ఉన్న వేరే బిట్టు తీసుకోండి. ఎస్390కి సాఫ్ట్‌వేర్ డర్టీ బిట్ 3.9లో వచ్చింది కాబట్టి 3.10లో ఈ షరతును ఉన్నది ఉన్నట్టు వాడవచ్చు. అంతకంటే పాత కెర్నల్ అయితే ఎంట్రీని కాకుండా పేజీ స్థితిని చూసేలా మార్చుకోవాలి.

తర్వాతి రెండు ప్యాచ్‌లను ఎందుకు వదలకూడదో నాకు అనుభవంతో తెలుసు. నేను ఒకప్పుడు పనిచేసిన చోట మొదటిదాన్ని మాత్రమే తెచ్చి పని అయిపోయిందనుకున్నాం. కొన్ని వారాల తర్వాత ఒక యంత్రంలో డీబగ్గింగ్ ప్రాసెస్ ఒకటి సీపీయూను పూర్తిగా తినేస్తూ చిక్కుకుపోయింది. దాన్ని చంపగలిగాం కానీ లోపల ఏం జరుగుతోందో చూడడానికి దానికి తగులుకోవడం కుదరలేదు. కారణం వెతికితే, పెద్ద పేజీలకు, అంటే ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజీలకు, ఇదే పరిశీలన వేరే ఫైలులో విడిగా ఉంది. అక్కడ పాత షరతే మిగిలిపోయింది. ఫాల్ రైట్ ఇప్పుడు చెరగడం లేదు, ఎంట్రీకి రాత అనుమతి రాదు, లూప్ ఆగదు. మూల కెర్నల్‌లో కూడా ఇదే జరిగింది, 2017 మొదట్లో దాన్ని సరిదిద్దుతూ పెద్ద పేజీలకు కూడా ఫాల్ కౌ, డర్టీ బిట్ షరతును చేర్చారు. మా వైపు తప్పు ఏమిటంటే, మొదటి ప్యాచ్ తెచ్చాక దాన్ని ప్రస్తావిస్తూ ఆ తర్వాత వచ్చిన మార్పులేమిటో వెతకకపోవడం.

ఆ సవరణ మరో లోపానికి దారి తీసింది. పెద్ద పేజీ ఎంట్రీని చదవడానికి తాకినా సరే డర్టీ బిట్ పెట్టే కోడ్ ఒకటి చాలా కాలంగా ఉంది. మీ 3.10లో ఆ వరుసల పక్కన ఒక వ్యాఖ్య కనబడుతుంది: రాయడానికి వచ్చినప్పుడే డర్టీ బిట్ పెట్టాలి, కానీ ప్రస్తుతానికి ఈ స్థాయిలో ఆ బిట్‌కు అర్థం లేదు అన్నది దాని సారం. రాసినప్పుడు ఆ మాట నిజమే. 2017 సవరణతో ఆ బిట్‌కు భద్రతకు సంబంధించిన అర్థం వచ్చింది, వ్యాఖ్య మాత్రం అలాగే ఉండిపోయింది. దాంతో చదవడానికి మ్యాప్ చేసిన పెద్ద సున్నా పేజీ, అంటే ఖాళీ మెమరీ అడిగిన వారందరికీ కెర్నల్ పంచిపెట్టే పేజీ, డర్టీగా కనబడి రాతకు దొరికిపోయింది. అదే హ్యూజ్ డర్టీ కౌ, సీవీఈ-2017-1000405, 2017 నవంబరులో బయటపడింది. రాసే ఉద్దేశం ఉన్నప్పుడే డర్టీ బిట్ పెట్టాలన్నది దాని మరమ్మతు. మీ కాన్ఫిగరేషన్‌లో ఆ పెద్ద పేజీల సదుపాయం మూసి ఉంటే ఈ రెండూ మీకు తగలవు, అయినా మూడింటినీ ఒకే కట్టగా తెచ్చి పెట్టండి, రేపు ఎవరైనా ఆ సదుపాయాన్ని తెరిస్తే ప్రమాదం లేకుండా ఉంటుంది.

ఇదే కథ 2022లో మరోసారి నడిచింది. 5.16 కెర్నల్‌లో షేర్డ్ మెమరీ పేజీలను యూజర్‌ఫాల్ట్ఎఫ్‌డీ (పేజీ ఫాల్ట్‌లను ప్రోగ్రామే చూసుకునే సదుపాయం) ద్వారా తగిలించేటప్పుడు డర్టీ బిట్‌ను షరతు లేకుండా పెట్టడం మొదలైంది, మళ్లీ ఆ బిట్ నకలుకు సాక్ష్యం కాకుండా పోయింది. దానికి సీవీఈ-2022-2590 అని సంఖ్య ఇచ్చారు. కెర్నల్ డెవలపర్ డేవిడ్ హిల్డెన్‌బ్రాండ్ ఫాల్ కౌను పూర్తిగా తీసేసి, పేజీ నిజంగా ఈ ప్రాసెస్ ఒక్కదానికే చెందిన అనానిమస్ (ఏ ఫైలుకూ చెందని) పేజీయేనా అని నేరుగా అడిగే పరిశీలన పెట్టారు. నా దృష్టిలో అసలైన మరమ్మతు ఇదే. మనకు తెలియాల్సింది పేజీ ఎవరిదన్న విషయం. డర్టీ బిట్ దానికి దగ్గరగా ఉండే గుర్తు మాత్రమే, ఆ గుర్తు అర్థం ఎవరి చేతిలోనైనా మారిపోవచ్చు. అయితే ఈ పరిశీలన 5.19లో వచ్చిన పేజీ సమాచారం మీద ఆధారపడి ఉంది, మీ 3.10కి దాన్ని తేవడం తగదు. మీ దగ్గర ఆ కొత్త షేర్డ్ మెమరీ దారి లేదు కాబట్టి అవసరం కూడా లేదు. మీరు చేయగలిగిందల్లా, డర్టీ బిట్ ఇప్పుడు భద్రతకు ఆధారమని ఆ షరతు దగ్గర స్పష్టంగా వ్యాఖ్య రాసి ఉంచడం.

పరీక్ష విషయంలో మీ పద్ధతిని మార్చుకోవాలి. రాత్రంతా నడిచి ఏమీ జరగలేదంటే ఆ యంత్రంలో, ఆ బరువులో, సందు దొరకలేదని మాత్రమే అర్థం. సందును మీరే వెడల్పు చేయండి. పరీక్ష కోసం విడిగా కట్టిన కెర్నల్‌లో, వీఎం ఫాల్ట్ రైట్‌ను పట్టించుకున్న తర్వాత, కాండ్ రీషెడ్ పిలిచే చోట, కొన్ని మిల్లీసెకన్ల నిద్ర పెట్టండి. అక్కడ చేతిలో ఉన్నది సెమాఫోర్ మాత్రమే, స్పిన్‌లాక్ కాదు, కాబట్టి నిద్రపోవడం చెల్లుతుంది. ప్యాచ్ లేని కెర్నల్‌లో ఈ నిద్రతో పరీక్ష మొదటి కొన్ని ప్రయత్నాల్లోనే ఫైలును మార్చేయాలి. మార్చకపోతే మీ పరీక్షే సరిగా లేదు. ఆ తర్వాత ప్యాచ్‌తో అదే నిద్ర ఉంచి నడపండి. మీ రైట్ లాక్ మార్పును మాత్రం ముందు తీసేయండి, లేకపోతే ఏది కాపాడుతోందో తెలియదు. లినక్స్ టెస్ట్ ప్రాజెక్టులో డర్టీ కౌ కోసం సిద్ధంగా రాసిన పరీక్ష ఉంది, అదే సంకలనంలో రెండు త్రెడ్లను ఒకే క్షణానికి చేర్చడానికి ఫజీ సింక్ అనే సాధనం కూడా ఉంది. సొంతంగా పరీక్ష రాస్తే దాన్ని వాడుకోండి.

చెడు జరగలేదని చూడడంతో ఆగకుండా మంచి జరుగుతోందో లేదో కూడా చూడాలి. డీబగ్గర్‌తో ఒక ప్రోగ్రాము కోడ్ పేజీలో బ్రేక్‌పాయింట్ పెట్టి అది ఆగుతుందో లేదో, ఆ ఫైలు డిస్కు మీద మారకుండా ఉందో లేదో పరీక్షించండి. మెమరీ కొరత సృష్టించి, నకలు స్వాప్‌లోకి పోయి తిరిగి వచ్చేలా చేసి అదే పరీక్ష మళ్లీ నడపండి. పెద్ద పేజీల మీద కూడా చేయండి. లూప్ ఎక్కడైనా ఆగకుండా తిరిగితే మా దగ్గర జరిగినదే మీ దగ్గరా జరిగిందని అర్థం.

కేసీశాన్ వంటి సాధనంతో ఇలాంటివి ముందే పట్టుకోవచ్చు కదా అని కూడా మీరు చివర్లో అడిగారు. 2020లో 5.8తో వచ్చిన ఆ సాధనం డేటా రేస్‌లను పడుతుంది, అంటే లాక్ లేకుండా రెండు త్రెడ్లు ఒకే మెమరీ స్థానాన్ని, కనీసం ఒకటి రాయడానికి, తాకడాన్ని. డర్టీ కౌ అలాంటి తప్పు కాదు. పేజీ టేబుల్ ఎంట్రీని చూసి పేజీ ఇచ్చిన ప్రతిసారీ, దాన్ని మార్చిన ప్రతిసారీ సరైన లాక్ చేతిలోనే ఉంది. తప్పు రెండు లాక్‌ల మధ్య ఉంది: మొదటిసారి లాక్ పట్టుకొని తెలుసుకున్న విషయం, దాన్ని వదిలి మళ్లీ పట్టుకున్నాక కూడా నిజమేనని నమ్మడంలో ఉంది. లాక్‌ల వరుస తప్పితే పట్టుకునే లాక్‌డెప్ కూడా ఇక్కడ ఏమీ చెప్పదు. కోడ్ సమీక్షలో మనిషే చూడాలి. లాక్ వదిలి మళ్లీ తీసుకునే ప్రతి లూప్‌లో, వదలకముందు లోకల్ వేరియబుల్‌లో దాచుకున్న విలువలు ఏవి, తీసుకున్నాక వాటిని మళ్లీ సరిచూస్తున్నారా అని నేను విడిగా రాసుకుని చూస్తాను. ఫ్లాగ్‌ను చేర్చే వరుసల కంటే తీసేసే వరుసల దగ్గర ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే తీసేసిన సమాచారాన్ని తర్వాతి కోడ్ తిరిగి తెచ్చుకోలేదు.

ప్యాచ్ చేసిన కెర్నల్ పరికరాలకు చేరేలోపు ఏం చేయాలన్నది మిగిలింది. ప్రాక్‌లోని మెమ్ ఫైలుకు రాయడం ఒక్కటే ఆపితే పీట్రేస్ దారి తెరిచే ఉంటుంది. అప్పట్లో రెడ్ హ్యాట్ ఇచ్చిన, నడుస్తున్న కెర్నల్‌లోనే మార్పు చేసే తాత్కాలిక సిస్టమ్‌ట్యాప్ స్క్రిప్టు ఈ రెండింటినీ కలిపి మూసింది, ఆ కాలంలో డీబగ్గర్లు పనిచేయవన్నది దానికి చెల్లించిన వెల. మీ పరికరాల్లో డీబగ్గర్ అవసరం ఉండదు కాబట్టి రెండింటినీ మూయడం మీకు పెద్ద నష్టం కాదు, మీ రైట్ లాక్‌ను కూడా ఆ కొద్ది రోజులకు ఉంచుకోవచ్చు. అయితే ఇప్పటికే చేతులు మారిన పరికరాల్లో ఫైళ్లను సరిచూసేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. ఈ దాడి పేజీ క్యాష్‌లో రాస్తుంది. రాయడానికి వీలుగా మౌంట్ చేసిన ఫైల్‌సిస్టమ్ అయితే ఆ మార్పు డిస్కుకు కూడా వెళ్లవచ్చు, రీడ్ ఓన్లీగా మౌంట్ చేసినదైతే మెమరీలోనే ఉండి రీబూట్‌తో మాయమవుతుంది. కాబట్టి సిస్టమ్ ప్రోగ్రాముల హ్యాష్‌లను పరికరం నడుస్తుండగా ఒకసారి, రీబూట్ తర్వాత ఒకసారి తీసి, రెండింటినీ మీ మూల ఇమేజ్‌తో పోల్చండి. నడుస్తుండగా తీసిన హ్యాష్ తేడాగా ఉండి, రీబూట్ తర్వాత సరిపోయిన పరికరాన్ని శుభ్రంగా ఉందనుకొని తిరిగి ఇవ్వకండి, దాన్ని పక్కన పెట్టి లాగ్‌లు తీయండి.

మీ మెమరీ డాట్ సి లోని ఆ లూప్ భాగాన్ని, మార్పుకు ముందూ తర్వాతా ఎలా ఉందో ఇక్కడ పెడితే వరుసవరుసగా చూసి చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను.